ఇనుప తలకాయ క్షేమం

పిల్లల ఆటల హెల్మెట్లకు పెట్టే పరీక్షల్ని ఆడిపోసుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది! అంత మంచి పరీక్ష లోకంలో ఇంకోటుందా? కాపీ కొట్టేవాళ్లు లేరు, ఫెయిలయ్యేవాళ్లు అసలే లేరు!

అనుమానముంటే నాలాగా ఒకసారి ల్యాబ్‌కి వెళ్లి చూడండి. అక్కడొక ఇనుప తలకాయ ఉంటుంది. దానికి హెల్మెట్ తొడిగి, పైకెత్తి, ధబీమని పడేస్తారు. పుర్రె పగిలేంత దెబ్బ కాదని మెషిన్ చెబితే చాలు, స్టిక్కర్ అంటించేస్తారు.

"మరి లోపల మెదడు అదిరితేనో?" అని ఇంజనీరుగారిని అడిగాను.

"మెదడు మా పరిధిలోకి రాదండీ. మాది పుర్రె వరకే," అన్నారాయన ఎంతో మర్యాదగా.

ఎంత నిజాయితీ! ఎన్ని ఆఫీసుల్లో ఇంత నిక్కచ్చిగా ఒప్పుకుంటారు?

ఇంకో విశేషం వినండి. ఆ తలకాయ పెద్దవాళ్ల సైజుది. పిల్లల హెల్మెట్ దానికి పట్టదు. అందుకని పెద్ద సైజు హెల్మెట్‌ను పడేసి, చిన్నదానికి స్టిక్కర్ వేస్తారు! "మోడల్ ఒకటే కదండీ," అన్నారు. ఈ లెక్కన తండ్రి మాత్ర మింగితే పిల్లల జ్వరం తగ్గాలి. డాక్టర్లకు ఇంత తెలివి ఎందుకు తట్టలేదో!

ఇంతకీ నాకు ల్యాబ్‌లో ఏం పనంటారా? మొన్నటి మ్యాచ్‌లో మా అమ్మాయి తలకు బంతి తగిలింది. తూలి కూలబడింది. కోచ్‌గారు కాసిని నీళ్లు తాగించి మళ్లీ ఆటలోకి దించారు. నేను పరిగెత్తుకెళ్తే, "స్టిక్కరుంది కదా సార్, ఎందుకంత కంగారు!" అని నన్నే కసిరారు. నిజమే, హెల్మెట్‌కి గీతైనా పడలేదు. డాక్టరు మాత్రం మెదడు అదిరిందని, చీకటి గదిలో పడుకోబెట్టమని చెప్పారు.

ఇదంతా రాస్తుంటే మా అమ్మాయి గుమ్మం పట్టుకుని నిలబడింది.

"నాన్నా, మ్యాచ్ మనమే గెలిచామా?"

"గెలిచాం తల్లీ. వెళ్లి పడుకో."

"హమ్మయ్య!" అని నవ్వుకుంటూ వెళ్లింది. పొద్దున్నించీ ఇదే ప్రశ్న. చెప్పిన ప్రతిసారీ కొత్తగా సంతోషిస్తోంది.

వచ్చే వారం మళ్లీ మ్యాచ్ ఉందని కోచ్‌గారు కబురు పంపారు. ఆ ఇనుప తలకాయనే ఆడించుకోమని చెప్పాను. పరీక్ష పాసైన హెల్మెట్ కూడా దానికే సరిగ్గా సరిపోతుంది!