పిన్ని గొంతుకు టికెట్ అక్కర్లేదు

ఫుట్‌బాల్ మ్యాచ్ టికెట్ ధర పెంచారని గొడవ చేస్తున్నవాళ్లను చూస్తే నాకు జాలేస్తోంది. నన్నడిగితే ఇంకా పెంచాలి! మామూలు మనిషి ఆ స్టేడియం గోడవైపు కన్నెత్తి చూడాలన్నా బ్యాంకు లోను పెట్టుకోవాల్సినంతగా పెంచాలి. అప్పుడుగానీ ఈ ఊరు బాగుపడదు.

తొందరపడి తిట్టకండి. మా ఇంటా వంటా లేని డిగ్రీ చదివినవాణ్ణి. ఏ విషయమైనా లాభనష్టాలు బేరీజు వేశాకే మాట్లాడమని కాలేజీలో నేర్పారు. వేశాను. అన్నీ లాభాలే!

ముందు ఆరోగ్యం సంగతి చూడండి. ఇదివరకు మ్యాచ్ మర్నాడు మా వీధిలో ఒక్కరికీ గొంతు పెగిలేది కాదు. బస్సు కండక్టరు స్టాపుల పేర్లు చెప్పలేక సైగలు చేసేవాడు. ఎక్కడెక్కడో దిగాల్సినవాళ్లు ఎక్కడెక్కడో దిగేవారు. లెక్కల మాస్టారు నోరు మెదపకుండా పాఠమంతా బోర్డు మీదే కానిచ్చేవారు. పిల్లలకు లెక్కలు అర్థమైంది ఆ ఒక్కరోజే అనేవాళ్లూ ఉన్నారు, అది వేరే విషయం. ఇప్పుడో? అందరి గొంతులూ గంటల్లా మోగుతున్నాయి. అరిచే పని లేనివాడికి గొంతెందుకు పోతుంది?

కుటుంబ సౌఖ్యం మాటేమిటి? సెలవురోజు మగవాళ్లంతా ఇళ్లలోనే ఉంటున్నారు. ఏళ్ల తరబడి కారుతున్న కుళాయిలు బాగయ్యాయి. ఆ పని అయిపోయాక ఏం తోచక బాగున్న కుళాయిలు కూడా విప్పారు, అవి కారుతున్నాయి. మా పక్కింటావిడైతే క్లబ్బు ఆఫీసుకు వెళ్లి, "మా ఆయన ఒక్కడికైనా పాత ధరకు ఇవ్వండి బాబూ, ఇంట్లో భరించలేకపోతున్నా" అని బతిమాలిందట. దాంపత్యం విలువ ఆవిడకింకా తెలిసిరాలేదు!

ఇక స్టేడియం అందం! ఉత్తరం గ్యాలరీని మీరిప్పుడు చూడాలి. ఒకప్పుడు అక్కడ ఉన్నవి ఉత్త సిమెంటు మెట్లు. జనం నిలబడే చూసేవారు, ఒకరి మోచెయ్యి ఇంకొకరి డొక్కలో. గోల్ పడితే ఎవరు ఎవర్ని కౌగిలించుకున్నారో విడిపడ్డాక గానీ తెలిసేది కాదు. ఇదేం నాగరికత? ఇప్పుడు మెత్తటి సీట్లు, కాళ్లు చాపుకునే జాగా, చేతి కింద కప్పు పెట్టుకునే గుంట. కడుపులో చల్ల కదలకుండా చూడొచ్చు.

ఇంత మేలు జరుగుతుంటే గేటు ముందు ధర్నాకు కూర్చున్నదెవరు? చెప్పడానికి నామోషీగా ఉంది. మా పిన్ని.

పిన్ని టైలరు. బస్టాండు వెనక సందులో షాపు. ఈ ఊరి టీం జెండాల్లో సగం ఆవిడ కుట్టినవే. కుట్టుమిషను చప్పుడును దాటి మాట్లాడీ మాట్లాడీ ఆవిడ గొంతు అలా తయారైంది. ఉత్తరం గ్యాలరీలో ఆవిడ నోరు విప్పితే దక్షిణం గ్యాలరీ మీద కాకులు లేచిపోయేవి. పెళ్లైన కొత్తలో బాబాయి వెంట వచ్చి ఏ మెట్టు మీద నిలబడిందో ఇన్నేళ్లూ ఆ మెట్టే. బాబాయి పోయాక కూడా పక్కన ఒక మనిషి జాగా వదిలి నిలబడేది. ఎంత కిక్కిరిసినా ఆ జాగాలోకి ఎవరూ జరిగేవారు కాదు.

ఇప్పుడక్కడ కాఫీ మిషను పెట్టారు.

ధర పెంచిన వారమే పిన్ని నన్ను షాపుకు పిలిచింది. నాకు జుట్టు నెరుస్తున్నా ఆవిడ పిలుపు మారలేదు.

"ఒరే బుడ్డోడా, డిగ్రీ చదివావు కదా. వాళ్లకు బుర్రకెక్కేలా ఒక అర్జీ రాసిపెట్టు."

"ఏమని రాయను పిన్నీ?"

"తగ్గించమని రాయి. ఇంకేం రాస్తావు, కవిత్వమా?"

రాశాను. వినయంగా, విపులంగా రాశాను. క్లబ్బు మేనేజరు చదివి కబురు పంపాడు. వెళ్తే ఎదురొచ్చి కుర్చీ వేశాడు.

"మీ శైలి అద్భుతమండీ! ఇలాంటి కలం అవతలి పక్షాన ఉండటం అన్యాయం. ధర పెంచడంవల్ల లాభాలేమిటో మీరే ఒక వ్యాసం రాయకూడదూ? ముందు మా అతిథిగా మ్యాచ్ చూడండి."

పాస్ చేతిలో పెట్టాడు. పెద్దమనిషి ఆప్యాయంగా ఇస్తే వద్దనడం మర్యాద కాదు కదా! మీరిప్పుడు చదువుతున్నది ఆ వ్యాసమే.

మ్యాచ్ రోజు నేను వెనక గేటునుంచి వెళ్లాను. ముందు గేటు దగ్గర పాత దుప్పట్ల మీద పెద్దపెద్ద అక్షరాలు కుట్టి పట్టుకుని నిలబడ్డారు పిన్ని బృందంవాళ్లు. వాళ్ల ఏకాగ్రత చెడగొట్టడం ఎందుకని అంతే.

నా సీటు ఉత్తరం గ్యాలరీలో, కాఫీ మిషను పక్కనే. లోపల ఎంత ప్రశాంతత! నా కుడిపక్కాయన ఫోనులో సోఫాలు చూసుకుంటున్నాడు. ఎడమపక్కావిడ, "మనవాళ్లది ఏ రంగండీ?" అని మర్యాదగా అడిగింది. మావాడొకడు బంతిని గోలు స్తంభానికి కొడితే ఎవరో దగ్గారు. మైదానంలో ఆటగాళ్లు ఎవరింటికో పరామర్శకు వచ్చినట్టు బిక్కుబిక్కుమంటూ తిరుగుతున్నారు.

"కంగారుపడకండి. ఏర్పాటుంది" అని మేనేజరు వెనక సీట్లోంచి వంగి నా చెవిలో ఊది, ఎవరికో సైగ చేశాడు.

స్పీకర్లలోంచి ఒక్కసారి హోరెత్తింది! డప్పులు, ఈలలు, వేల గొంతులు!

"పాత మ్యాచ్‌ల రికార్డింగు" అన్నాడు మురిసిపోతూ. "తోపులాట ఉండదు, చెత్త ఉండదు. సందడికి సందడి!"

ఎంత ముందుచూపు! నిజంగానే చప్పట్లు కొట్టబోయాను. అంతలో ఆ హోరును చీల్చుకుంటూ ఒక గొంతు.

"గోలీ! ఫొటోకి నిలబడ్డట్టు నిలబడ్డావేంట్రా? ముందుకు రా!"

పాపం, మా గోల్‌కీపరు ఉలిక్కిపడి ముందుకొచ్చేశాడు. బంతి వాడి నెత్తిమీదుగా వెళ్లి నెట్‌లో పడింది. అవతలివాళ్లకు గోల్.

మేనేజరు తల పట్టుకున్నాడు. "ఆ ఒక్క గొంతు తీసేయమని ఎప్పటినుంచో మొత్తుకుంటున్నానండీ. కుదరదంటున్నారు. అది తీస్తే మిగతా గోలంతా చప్పబడిపోతోందట!"

నేను కాఫీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాను.

కాసేపటికి మావాళ్లకు కార్నర్ దొరికింది. సోఫా ఆయన తలెత్తలేదు. మళ్లీ స్పీకరు తెరిచారు. సరిగ్గా నా నెత్తిమీదిదే.

"ఒరే బుడ్డోడా! ఆ పుస్తకం ముయ్యరా! పరీక్ష రేపు, కార్నర్ ఇప్పుడు! లే!"

ఏ ఏడాది రికార్డింగో నాకు అర్థమైంది. నేను డిగ్రీ చదివింది పిన్ని ఇంట్లో ఉండే. పరీక్షల ముందు నన్ను ఇంట్లో ఒక్కణ్ణే వదల్లేక పిన్ని మ్యాచ్‌కు లాక్కొచ్చేది. అన్ని కాళ్ల మధ్య ఆ సిమెంటు మెట్టు మీద కూర్చుని చదువుకునేవాణ్ణి.

నేను లేచి నిలబడ్డాను.

"కూర్చోండి సార్, కనబడటం లేదు" అన్నారు వెనకనుంచి. మేనేజరు చొక్కా పట్టి లాగాడు. డిగ్రీ పూర్తయి ఇన్నేళ్లయింది, పిన్ని లేవమంటే కూర్చోవడం మాత్రం ఎవరూ నేర్పలేదు.

బయటికి నడిచాను. ఈసారి ముందు గేటు నుంచే. అక్కడ పిన్ని గేటు కాపలాదారును నిలదీస్తోంది.

"లోపల అరుస్తున్నది నేనేనయ్యా!"

"అయ్యుండొచ్చమ్మా. టికెట్ లేనిదే ఎవర్నీ పంపకూడదు."

"మరి నా గొంతు కొనుక్కునే వెళ్లిందా?"

అతను పాపం ఆలోచించాడు. "దానికి సీటు అక్కర్లేదు కదమ్మా!"

"నాకు మాత్రం ఎప్పుడు కావాల్సొచ్చింది? ఇన్నేళ్లూ నిలబడే చూశాను!"

అప్పుడు పిన్ని నన్ను చూసింది. నా మెడలో వేలాడుతున్న పాస్‌నూ చూసింది.

"అటునుంచి వస్తున్నావేంట్రా?"

"నువ్వు పిలిచావు కదా పిన్నీ."

ఆవిడ చేతిలో ఉన్న దుప్పటి ఒక కొస నాకందించి, "గట్టిగా పట్టుకో. కుట్టు ఊడితే నీ తల పగులుద్ది" అంది.

కాబట్టి పాఠకులారా, ధర పెంచడం ముమ్మాటికీ వరమే. ఒప్పుకున్న ప్రకారం వ్యాసం రాసిచ్చాను, మాట తప్పలేదు. క్లబ్బువారికి చిన్న మనవి మాత్రం ఉంది. కాఫీ మిషను పక్కన నా సీటు ఖాళీగానే ఉంది. అందులో ఏ చప్పట్ల రికార్డునో కూర్చోబెట్టుకోండి, చెప్పినట్టు వింటుంది. నాకోసం వెతక్కండి. వచ్చే మ్యాచ్‌కి నేను గేటు బయట నిలబడి ఉంటాను. పిన్ని పక్కన, ఒక మనిషి జాగా వదిలి.