కూలని పైకప్పు

ఆ సోమవారం దువ్వెన బాబాయి పెట్టుకున్న పని చాలా చిన్నది. తొమ్మిదింటికి సెలూన్ తెరిచేలోగా పాతబడిన ఫాల్స్ సీలింగ్ ఊడదీయాలి, చిమ్మాలి, మొదటి గడ్డానికి నురగ పెట్టాలి. సాయానికి బావమరిదిని పిలిచాడు. బావమరిది ఒక్క మేకు పీకాడు. ప్లాస్టర్ పలకలన్నీ కూడబలుక్కున్నట్టు ఒకేసారి దిగాయి. వీధి నిండా కమ్మిన తెల్లటి దుమ్ములోంచి ఇద్దరూ పిండిలో పొర్లినట్టు దగ్గుకుంటూ బయటికొచ్చారు. అసలు పైకప్పు మాత్రం పైన నిక్షేపంగా ఉంది.

అటుగా పోతున్న టీవీ విలేకరి బండి దిగకుండానే ఫోన్లో వీడియో తీసుకుని వెళ్లిపోయాడు. పావుగంటలో టీవీలో వార్తలు చదివే గుబురు గడ్డం ఆయన గొంతు చించుకున్నాడు: సెలూన్ పైకప్పు కుప్పకూలింది, ఇద్దరి పరిస్థితి విషమం.

మొదటి ఫోను అత్తగారిది. తనకేమీ కాలేదని బాబాయి మూడుసార్లు చెప్పాడు.

"నువ్వు మాట్లాడకు బాబూ, ఆయాసమొస్తుంది. మేం టీవీలో అంతా చూస్తూనే ఉన్నాం," అని ధైర్యం చెప్పి ఆవిడ పెట్టేసింది.

రోజూ వచ్చేవాళ్లు గుమ్మం దాకా వచ్చి, మెడలెత్తి పైకి చూసి, ఎదురు వరసలోని కొత్త సెలూన్‌కి పోయారు. గది యజమాని మాత్రం హుషారుగా లోపలికే వచ్చాడు. ఆ గది తోడల్లుడికి ఇవ్వాలని ఆయనకు ఎప్పటినుంచో ఉంది.

"కూలిన గదిలో ఎలా ఉంటావయ్యా? శనివారానికి ఖాళీ చెయ్యి."

"ఎక్కడ కూలింది? మీరు నిలబడింది దాని కిందే కదండీ."

"నాకు చెప్తే ఏం లాభం? టీవీలో చెప్పించు."

మంగళవారం టీవీ ఆఫీసులో అర్జీ రాసిమ్మన్నారు. బుధవారం ఆ అర్జీ నిజమో కాదో విచారిస్తున్నామన్నారు. వార్తకు లేని విచారణ అర్జీకి ఎందుకో బాబాయికి అంతుపట్టలేదు. గురువారం సాయంత్రం పనిపెట్టె చంకన పెట్టుకుని వెళ్లాడు. ఆ వేళ మేకప్ మనిషి రాలేదు. వార్తలు చదివేవాళ్లు గడ్డం తీసేసే తెర మీదికి రావాలని పైనుంచి ఆర్డరట. పెట్టె చూడగానే ఎవరో బాబాయి రెక్క పట్టుకుని లోపలికి లాగారు. వచ్చావా, త్వరగా కానీ, ఆరింటికి వార్తలు అన్నారు. తీరా చూస్తే కుర్చీలో ఉన్నది సాక్షాత్తూ గుబురు గడ్డం.

ఎడమ చెంప సగమయ్యాక బాబాయి నెమ్మదిగా అన్నాడు, "సోమవారం మీరు కూల్చిన సెలూన్ నాదేనండీ."

చెంప మీద కత్తి ఉండగా ఎవరూ వాదన పెట్టుకోరు. ఆయన వేలితోనే సైగ చేసి పక్కనున్న అమ్మాయి చేత సవరణ రాయించాడు. కూలిందని అరిచినంత గట్టిగా కూలలేదనీ చదవమని బాబాయి అడిగాడు.

"సవరణలు చదవమయ్యా. కింద చిన్నగా వేస్తాం, మూడు సెకన్లు."

మూడైతే మూడు. ఎడమ చెంప నున్నగా పూర్తిచేసి, ఆరింటికి టీవీ చూడమని చెప్పడానికి బాబాయి ఫోను పట్టుకుని మెట్లు దిగాడు. లోపల సిగ్నల్ లేదు మరి. భార్యకు ఒక్క నిమిషం పట్టింది, గది యజమానికి రెండు. అత్తగారు ముందు ఆరోగ్యం అడిగింది. తిరిగి వచ్చేసరికి స్టూడియో తలుపు మీద ఎర్రలైటు వెలిగింది. కుర్చీ ఖాళీ.

తెర మీద ఆయన కుడి చెంప అడవి, ఎడమ చెంప అద్దం. సవరణ మాట ప్రకారం కిందనుంచి వెళ్లింది. చదివినవాడు ఒక్కడూ లేడు.

"చూశాను బాబూ," అంది అత్తగారు. "పాపం, ఆయనకేమైంది?"

తెల్లారేసరికి పోటీ ఛానల్ ఆయనకు వింత జబ్బు అంటగట్టింది. సగం మొహం రాలిందనీ, మిగతాది రాలడానికి సిద్ధంగా ఉందనీ చెప్పింది. అంతా అబద్ధమని ఆయన ఫోన్ చేస్తే విశ్రాంతి తీసుకోమన్నారు. ఇంట్లోనే గీసుకోబోతే భార్య అడ్డుపడింది. అదీ రాలిందంటారు, గీసినవాడి చేతనే నలుగురి ముందూ గీయించుకోండి అంది.

అలా శుక్రవారం పొద్దున సగం గడ్డంతో ఆయన దువ్వెన బాబాయి సెలూన్‌కి వచ్చాడు. వెనకాల పోటీ ఛానల్ కెమెరా, దాని వెనకాల వీధి. నలభైమంది ఆ పైకప్పు కింద ఇరుక్కుని నిలబడటం ఊరంతా టీవీలో చూసింది. గది యజమాని కూడా ఇంట్లో కూర్చుని చూశాడు. టీవీలో నిలబడే ఉంది కాబట్టి ఖాళీ చెయ్యనక్కర్లేదని ఫోన్ చేశాడు. ఎలాగూ వచ్చాం కదా అని పాత గిరాకీ అంతా వరస కట్టింది.

"నాకు జబ్బేమీ లేదని ఆ కెమెరాకి ఒక్క మాట గట్టిగా చెప్పవయ్యా," అని ఆయన బతిమాలాడు.

"చెప్తానండీ. కాకపోతే చిన్నగా, మూడు సెకన్లు. ముందు అలా కూర్చోండి, మీకంటే ముందు పదకొండు మంది ఉన్నారు."

ఆయన బల్ల దాకా వెళ్లి, కూర్చోబోయే ముందు ఒకసారి పైకప్పు వంక అనుమానంగా చూశాడు.