కండక్టరమ్మ ముక్కు ఎవరి శాఖ?

దవడ విభాగం దొరలూ, మిమ్మల్నే! ముక్కు గాల్లో వేలాడుతోందనుకున్నారా? దాని కింద ఉన్నది పైదవడే. పీట జరిపితే దాని మీద కూర్చున్న మనిషి జరగడా? ఈ ఒక్క మాట కోతకి ముందే చెప్పడానికి మీకేం అడ్డొచ్చింది? (మీ దవడలు బాగానే ఆడుతున్నాయి కదా.)

కండక్టరమ్మకి చిన్నప్పట్నుంచీ పైదవడ లోపలికి ఉండేది. ముందుపళ్లతో ఏదీ కొరకలేకపోయేది. ఆపరేషన్ చేసి దవడని ముందుకి జరిపారు. వాపు తగ్గాక ఆపిల్ పండు కరకరా కొరికి, సంతోషం పట్టలేక ఏడ్చేసింది పాపం. అంతవరకూ శభాష్. తర్వాత అద్దం చూసుకుంటే ముక్కు రెక్కలు పక్కలకి పరుచుకున్నాయి, కొన పైకి లేచింది.

"ఏం వదినా, ముక్కు ఆకాశంలోకి చూస్తోంది? మేం కంటికి ఆనట్లేదా?" అంది ఆడబిడ్డ.

"నోర్ముయ్యవే! కొరకడం వచ్చింది, ముందు నిన్నే కొరుకుతా."

అలవాటైతే ఇదీ బాగానే ఉంటుందిలే అనుకుందామె. అలా అనుకోనిది డిపో గేటు దగ్గర ముఖం చూసి హాజరు వేసే మిషను. 'మీరెవరో తెలియదు' అంది. ఈ వారంలో హాజరు పడకపోతే ఉద్యోగం ఊడుతుంది.

"ముక్కు మారినట్టు ఆస్పత్రి నుంచి కాగితం తెండమ్మా," అన్నాడు గుమాస్తా.

"నన్ను రోజూ చూస్తూనే ఉన్నావు కదా అన్నయ్యా!"

"చూస్తున్నానమ్మా. గుర్తుపట్టే అధికారం నాకు లేదు."

ఆస్పత్రిలో దవడ డాక్టరు చేతులు కడుక్కుంటూ చెప్పాడు: "మేం జరిపింది దవడని. ముక్కు దానంతటదే వెంట వచ్చింది."

"రెక్కలు పరుచుకోకుండా లోపల ఓ కుట్టు వేస్తారట కదా సార్?"

"అడిగితే వేస్తాం."

"అడగాలని నాకెలా తెలుస్తుంది సార్?"

"అడిగితే చెప్పేవాళ్లం."

ముక్కు విభాగం ఇంకా మర్యాదగా మాట్లాడింది: తాము కోయని ముక్కుకి తాము పూచీ పడరట. చివరికి రెండు విభాగాలూ కలిసి 'అనాహూత నాసికా మార్పుల సంఘం' వేసి, టీ తాగి, తీర్మానించాయి: సదరు ముక్కు ఎవరి ప్రోద్బలమూ లేకుండా, ఇష్టపూర్వకంగా మారింది. అది చదివిన గుమాస్తా ఉలిక్కిపడ్డాడు. "అనుమతి లేకుండా ఇష్టపూర్వకంగానా? ఇది క్రమశిక్షణ కిందికి వస్తుందమ్మా!"

వారం ఆఖరి రోజు. ఆమెకి ఒళ్లు మండింది. మిషను ముందు నిలబడి, ఒక వేలితో ముక్కు కొనని కిందికి నొక్కి, రెండు వేళ్లతో రెక్కల్ని దగ్గరికి లాగింది. 'స్వాగతం' అంది మిషను. గేటు తెరుచుకుంది.

డిపో మేనేజరు ఆనందించి వెంటనే ఉత్తర్వు ఇచ్చాడు: డ్యూటీ ముగిసేదాకా ముక్కుని అదే స్థితిలో పట్టుకుని ఉండవలెను. ఒక చేత్తో ముక్కు, ఒక చేత్తో టికెట్ల మిషను. ఊగే బస్సులో కడ్డీ పట్టుకోవడానికి మూడో చెయ్యి కావాలంటే దరఖాస్తు పెట్టుకోవచ్చు.

కండక్టరమ్మ దరఖాస్తు పెట్టలేదు. ముక్కు వదిలేసి, బస్సుని తిన్నగా ఆస్పత్రి ముందు ఆపించి, దవడ డాక్టరు గదిలోకి నడిచింది.

"సార్, ఇకమీద ఎవరి దవడ ముట్టుకున్నా, ముక్కు ఏమవుతుందో ముందే కూర్చోబెట్టి చెప్పండి. కుట్టు కావాలా అని మీరే అడగండి. నా కాగితం ఇప్పుడే రాయండి. రాయరా? అయితే లేవండి, బస్సు బయట ఆగి ఉంది. నేను టికెట్లు కొడతాను, మీరు ముక్కు పట్టుకోండి."