చిన్న చిన్న మెరుగులు

"మాస్టారు పోయారు" అన్న మాట మొన్న జూన్ పదిహేనున ఉదయం ఏడున్నరకి బందరులో మా వీధిలో పుట్టింది. ఎనిమిదింటికల్లా కోనేరు సెంటరు దాటింది. ఎనిమిదిన్నరకి గుడివాడ చేరింది. ఆ మాస్టారిని నేనే. పోనివాణ్ణి కూడా నేనే!

నన్ను పొట్టన పెట్టుకున్నది జబ్బు కాదు, లారీ కాదు. ఒక అప్‌డేట్.

అయినా సరే, గుండె మీద చెయ్యి వేసుకుని, అది కొట్టుకుంటోందని నిర్ధారించుకుని మరీ చెబుతున్నాను. పాస్‌వర్డ్ మేనేజర్‌కి వచ్చే అప్‌డేట్ అంత మేలు చేసేది ఈ లోకంలో ఇంకోటి లేదు! దాన్ని ఆపద అనేవాళ్ళు అజ్ఞానులు. అది అప్‌డేట్ కాదు, మనందరికీ అప్పుడప్పుడూ అవసరమయ్యే అప్పడం దెబ్బ. చప్పుడు పెద్దది, పగిలేది మనమే.

తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క. పాస్‌వర్డ్ మేనేజర్ అంటే తాళంచెవులన్నీ పడేసుకునే పెట్టె. బ్యాంకు, గ్యాసు, కరెంటు, మెయిలు, అన్నిటి చెవులూ అందులోనే. ఆ పెట్టెకి మళ్ళీ ఒక తాళం. దాని చెవి పేరు మాస్టర్ పాస్‌వర్డ్. మా ఇంట్లో ముద్దుగా "మాస్టర్". అదొక్కటి గుర్తుంటే చాలు. అదొక్కటి మరిచిపోయినా చాలు!

ఈ పెట్టెని నా ఫోన్‌లో పెట్టినవాడు సాయికిరణ్. మా ఆవిడ సీతారత్నానికి అన్న కొడుకు. గుడివాడలో ఇంట్లోనే కూర్చుని ఎక్కడో ఉన్న కంపెనీకి పని చేస్తుంటాడు. ఆరు నెలల కిందట వచ్చి, "మావయ్యా, మాస్టర్ మీరే కొట్టండి, నేను చూడకూడదు" అని గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. కొట్టాను. మళ్ళీ కొట్టమంది, మళ్ళీ కొట్టాను. "ఇంక అన్నీ క్లౌడ్‌లో భద్రం" అన్నాడు.

మా ఆవిడది ఉప్పెన చూసిన దివిసీమ. నాగాయలంక పక్క. అక్కడివాళ్ళతో మబ్బులో దాచుకోమని అనొచ్చా? మబ్బు పడితే ఉన్నవన్నీ మూటకట్టి అటకెక్కించే మనుషులు! ఆవిడ మారు మాట్లాడకుండా ఒక తెల్లకాగితం తీసింది. నా చేత మాస్టర్ చెప్పించుకుని రాసింది. ప్లాస్టిక్ కవర్లో పెట్టి, రబ్బరు బ్యాండు వేసి, బీరువా పై అరలో పెట్టింది. ఇంటి దస్తావేజులు, మా పెళ్ళి ఫొటో అన్నీ ఆ అరలోనే. నడుంలోతు నీళ్ళొచ్చినా తడవని ఎత్తు!

"ఈ కాలంలో కాగితమేంటే!" అని ఎంత నవ్వానో చెప్పలేను. వచ్చినవాళ్ళందరికీ చెప్పి మరీ నవ్వాను.

ఆరు నెలలు హాయిగా గడిచాయి. వేలు ఆనిస్తే పెట్టె తెరుచుకునేది. మాస్టర్‌తో పనే పడలేదు. మొన్న తెల్లారేసరికి ఫోన్ తనంతట తానే అప్‌డేట్ అయి కూర్చుంది. ఏం మారిందయ్యా అని చూస్తే ఒకే ఒక్క లైను: "చిన్న చిన్న మెరుగులు, కొన్ని లోపాల సవరణ."

వేలు ఆనించాను. ఒప్పుకోదట. మాస్టర్ కొట్టాలట. ఆరు నెలలు నా వేలు చూసి తెరిచిన పెట్టె, ఇప్పుడు నాకే వేలు చూపించింది!

బీరువా పై అరలోంచి కాగితం దిగింది. చూసి కొట్టాను. తప్పన్నది. నెమ్మదిగా కొట్టాను. తప్పన్నది. కళ్ళజోడు తుడుచుకుని కొట్టాను. ముప్పై ఏళ్ళు పిల్లల నోటు పుస్తకాల్లో "తప్పు" అని ఎర్రసిరాతో రాసిన వేలు ఇది. దానికి ఎర్రక్షరాల్లో "తప్పు" అని చూపిస్తోంది. ఇంతకంటే గొప్ప గురుపూజ ఉంటుందా?

కంపెనీవాళ్ళకి మొర పెట్టుకున్నాను. రెప్పపాటులో జవాబు! "మీ మాస్టర్ పాస్‌వర్డ్ మాకు కూడా తెలియదు. మీ భద్రతే మాకు గర్వకారణం." చూశారా! నా మీద నాకే లేని నమ్మకం వాళ్ళకి ఎంత ఉందో!

ఇదంతా నవ్వుకునే సంగతే, గంగన్న లేకపోతే.

గంగన్న నా పాత శిష్యుడు. గిలకలదిండి హార్బర్‌లో వాడికి బోటుంది. రెండు నెలల చేపల వేట నిషేధం ముగిసి, బోట్లు సముద్రంలోకి వెళ్ళే మొదటి రోజది. వాడి లైసెన్సు రెన్యువల్‌కి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టింది నేనే. మంజూరైంది. కాగితం ప్రింటు తీసి ఇస్తే హార్బర్‌లో చూపించి బయల్దేరతాడు. ఆ సైటు పాస్‌వర్డు ఎక్కడుంది? పెట్టెలో. కొత్తది తీసుకుందామంటే ఓటీపీ నంబరు మెయిలుకి వస్తుంది. ఆ మెయిలు ప్రత్యేకంగా ఈ పనులకే తెరిచాను, ఫోన్‌లో ఉంచలేదు. దాని పాస్‌వర్డు ఎక్కడుంది? పెట్టెలోనే! పోనీ మత్స్యశాఖ ఆఫీసుకి వెళ్దామంటే అది తెరిచేది పదిన్నరకి. పోటు వచ్చేది పదింటికి. పోటు మీదైతేనే బోటు, కాలవ సముద్రంలో కలిసే మొగ దాటుతుంది. ఆ పూట తప్పితే ఐసు కరగడం, ఎనిమిదిమంది మనుషులు ఖాళీగా కూర్చోవడం, అందరూ వెళ్ళిన వేటకి వాడొక్కడే ఒడ్డున నిలబడటం.

మా ఆవిడ పెరట్లోకి వెళ్ళి, తన ఫోన్ స్పీకర్లో పెట్టి, గుడివాడ వినపడేలా అరిచింది.

"ఒరేయ్ కిరణ్, మాస్టర్ పోయిందిరా! ఎంత కొట్టినా తెరవట్లేదు! ఉలుకూ లేదు, పలుకూ లేదు!"

గోడకి అవతల ప్రభావతిగారు మిక్సీలో పచ్చడి వేస్తున్నారు. మిక్సీ హోరులోంచి ఆవిడ చెవిన పడింది ఇంతే: మాస్టారు పోయారు, ఎంత తట్టినా కళ్ళు తెరవట్లేదు, ఉలుకూ పలుకూ లేదు.

ప్రభావతిగారు చాలా మంచి మనిషి. అంత మంచివాళ్ళకి అన్‌లిమిటెడ్ కాల్స్ ఇవ్వకూడదు.

ఎనిమిదిన్నరకల్లా మా గుమ్మం ముందు ఇరవై జతల చెప్పులు! ఎవరో తెల్ల కుర్చీలు కూడా తెప్పించారు. తొమ్మిదింటికి ఉయ్యూరు నుంచి నా కాలేజీ స్నేహితుడు గోవర్ధనరావు చెరుకు తోటలో పని వదిలేసి, ఇంత లావు బంతిపూల దండతో దిగాడు. లుంగీ కట్టుకుని, చేతిలో ఫోన్‌తో గుమ్మంలో ఉన్నది నేను.

"నువ్వేంట్రా ఇక్కడ?" అన్నాడు.

"మరి ఎక్కడుండాలిరా?"

వాడు దండ వైపు చూశాడు, నా వైపు చూశాడు. "నువ్వు కాకపోతే ఎవర్రా పోయింది?"

"అన్నీ తర్వాత చెబుతానన్నయ్యగారూ, ముందు కూర్చోండి. గంటే ఉంది!" అంది మా ఆవిడ. దేనికి గంటో అడిగే ధైర్యం ఎవరికుంటుంది? అందరూ కూర్చున్నారు. కాఫీలు తిరిగాయి.

అప్‌డేట్ చేసిన మేలు చూడండి! బతికుండగా ఈ యోగం ఎవరికి పడుతుంది? పదిహేనేళ్ళుగా పలకరించని ఎదురింటాయన వచ్చి, నన్ను చూసి ఉత్సాహం తగ్గినా, కాఫీ తాగాడు. నా పాత విద్యార్థి ఒకడు నేను వెనకే ఉన్నానని తెలియక, "పాపం, లెక్కలు బాగానే చెప్పేవారు" అన్నాడు. బాగానే! ఆ "నే" కోసం ముప్పై ఏళ్ళు అరిచానా?

ఈలోగా గంగన్న వచ్చాడు, వాళ్ళమ్మ పున్నమ్మని బండి మీద ఎక్కించుకుని. కుర్చీలు చూసి వాడి మొహం పాలిపోయింది. నన్ను చూసి తేరుకున్నాడు. పెట్టె సంగతి చెప్పగానే మళ్ళీ పాలిపోయింది.

"మాస్టారూ, నిన్న సాయంత్రం ఎత్తిన ఐసండి. గోనె పట్టాలు కప్పినా కారిపోతోంది. పక్క బోట్లన్నీ ఇంజన్లు వేసేశాయండి."

ఇంకెవరైనా అయితే నన్ను నాలుగు తిట్టేవాడు. వాడు తిట్టలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు, హోంవర్కు చెయ్యని రోజున నిలబడ్డట్టే. హోంవర్కు చెయ్యనిది ఈసారి నేను.

మా ఆవిడ ఫోన్ స్పీకర్లోంచి సాయికిరణ్ అన్నాడు. "అత్తయ్యా, కాగితంలో ఏముందో గట్టిగా చదవండి. మావయ్య కొడతారు."

మా ఆవిడ నా వైపొక చూపు చూసింది. కుర్చీల వైపు చూసింది. గొంతు సవరించుకుని చదివింది.

"పులుసులో ఉప్పు తక్కువ. అన్నీ కలిపేసి, ఇంగ్లీషు అక్షరాల్లో. తర్వాత తొమ్మిది."

ఇరవై తలలూ ఒకేసారి నా వైపు తిరిగాయి.

"అదీ మాస్టర్?" అన్నాడు గోవర్ధనరావు.

"ఆరు నెలల కిందట ఈయన చెబితే రాసుకున్నాను. అప్పుడేమీ అనలేదు. ఇప్పుడు కూడా అనను. పెట్టె తెరిచాక అంటాను," అంది సీతారత్నం.

కొట్టాను. తప్పు. మొదటక్షరం పెద్దది చేసి కొట్టాను. తప్పు. దాంతో అది ఇచ్చే ఐదు అవకాశాలూ అయిపోయాయి. పావుగంట ఆగి ప్రయత్నించమంది. పావుగంట! కూర్చున్నవాళ్ళలో తలా ఒక సలహా. ఒకాయన ఫోన్‌ని ఆపి వెయ్యమన్నాడు. ఒకాయన నన్ను స్నానం చేసి రమ్మన్నాడు. నేను మాత్రం కంపెనీని కడిగేస్తున్నాను. "అప్‌డేట్‌లో నా మాస్టర్‌ని మింగేశారు! మేనేజరట! తాళంచెవులు దాచమని ఇస్తే నాకే తాళం వేశాడు!" పాపం, ఇరవై మందీ తలలూపారు. వాళ్ళు వచ్చింది తలలూపడానికే కదా.

కాగితం చేతులు మారుతూ పున్నమ్మ దగ్గరికి వచ్చింది. డెబ్బై ఏళ్ళ మనిషి. దాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూసింది.

"మరి ఇది కొట్టలేదేంటి బాబూ?"

"ఏది పున్నమ్మా?"

"ఈ పైన ఉన్నది. శ్రీ."

అందరూ నవ్వారు. నేనే ముందు నవ్వాను. "అది పాస్‌వర్డ్ కాదు పున్నమ్మా. ఏ కాగితం మీదైనా ముందు శ్రీ రాసి మొదలుపెడతాం కదా, అది."

"ఏమో బాబూ. నాకు వచ్చిన అక్షరం అదొక్కటే. మా బోటు ముందు రాసుంటది. నాకు తెలిసిందాన్నే మీరు వదిలేశారు."

నా నవ్వు సగంలో ఆగిపోయింది.

కొత్త పుస్తకం తీస్తే ముందు శ్రీ రాయందే నా పెన్ను కదలదు. ముప్పై ఏళ్ళ అలవాటు. ఆరు నెలల కిందట సాయికిరణ్ గోడ వైపు తిరిగినప్పుడు నా ముందున్నదేమిటి? కొత్త ఖాతా. ఖాళీ గడి. మా ఆవిడ కాగితం మీద శ్రీ రాసి మొదలుపెట్టినట్టే, నా వేలు గడిలో ముందు శ్రీ కొట్టింది! రెండోసారీ కొట్టింది! గడిలో కనపడేవన్నీ చుక్కలే. మూడు చుక్కలు ఎక్కువ పడితే ఎవరు లెక్కపెడతారు? లెక్కల మాస్టారే లెక్కపెట్టలేదు. మరి ఇవాళ ఎందుకు కొట్టలేదు? పాత పుస్తకం తెరిచేటప్పుడు ఎవరైనా శ్రీ రాస్తారా?

తొమ్మిదీ ముప్పై ఐదుకి గడి తెరుచుకుంది. ఎస్, ఆర్, ఐ. ఆపైన పులుసు, ఉప్పు, తొమ్మిది.

పెట్టె తెరుచుకుంది!

ప్రింటరు అప్‌డేట్ అడగలేదు, దాని కడుపు చల్లగా. కాగితం చేతిలో పడగానే గంగన్న బండి స్టార్ట్ చేశాడు. పున్నమ్మ వెనక్కి తిరిగి, గోవర్ధనరావు చేతిలో దండ చూసింది.

"అది ఇలా ఇవ్వు బాబూ, బోటుకి వేస్తాం."

వాడు తడబడ్డాడు. "అమ్మా, ఇది వేరే పనికి తెచ్చాను..."

"ఆ పని అవలేదుగా. అవని పనికి తెచ్చిన దండకి దోషమేంటి?"

దండ గిలకలదిండి వెళ్ళింది. పదీ ఐదుకి గంగన్న ఫోన్, ఇంజన్ చప్పుడుతో సహా: "మొగ దాటేశామండి!"

అప్పుడు మా ఆవిడ అరుగు మీద నిలబడి అందరికీ విడమరిచి చెప్పింది. పోయింది మాస్టర్, మాస్టారు కాదని. ప్రభావతిగారు చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "తప్పు నాదేనండీ, మిక్సీ ఆపి వినాల్సింది" అన్నారు. నేనూ లేచి, శ్రీ సంగతి ఇరవై మంది ముందూ ఒప్పుకున్నాను. కంపెనీ నా మాస్టర్‌ని మింగలేదని, దాన్ని ఊరికే తిట్టానని కూడా ఒప్పుకున్నాను.

"అది సరేగానీ," అన్నారు ప్రభావతిగారు, "వేలు పనిచెయ్యదు, తాళంచెవి వెతుక్కోండి అని ముందు రోజు ఒక్క ముక్క చెప్పలేదా వాళ్ళు? మా ఇంట్లో గేటు తాళం మారిస్తే పాలు పోసే ఆవిడకి కూడా చెబుతాను."

"చెప్పారుగా అత్తయ్యగారూ," అన్నాడు స్పీకర్లోంచి సాయికిరణ్. "చిన్న చిన్న మెరుగులు."

కాబట్టి అవనిగడ్డ, గుడివాడ, మోపిదేవి వైపు ఇంకా సంగతి తెలియనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మోపిదేవి నుంచి ఒకాయన నా ఫోన్ ఎత్తడానికి ఇప్పటికీ భయపడుతున్నారు. అయ్యా, నేను బతికే ఉన్నాను. జూన్ పదిహేను ఉదయం మా ఇంట్లో ఏం మారింది, ఏం పనిచెయ్యలేదు, ఎవరికి ఇబ్బంది అయింది, తప్పు ఎవరిది, ఎలా సరిచేశాం, అన్నీ పేర్లతో, టైములతో పైన ఉన్నాయి. దీన్నంటారు అప్‌డేట్ అని! ఒక ట్యూషన్ మాస్టారు ఒక్క పూటలో రాశాడు. పెద్ద పెద్ద కంపెనీలు అడిగితే నమూనా పంపుతాను.

ఇక ఇంటి విషయాలకొస్తే, ఆ రోజు నుంచి పులుసులో ఉప్పు ఎక్కువగానే ఉంటోంది. ఎందుకని అడిగాను.

"చిన్న చిన్న మెరుగులు," అంది సీతారత్నం.