ట్రాక్టరు ముందు శోకాలు

తెల్లారేసరికి నారిన్ కొండల మీద మబ్బు కమ్మింది. కోసి ఆరబెట్టిన గడ్డి సాయంత్రంలోగా కొట్టంలోకి చేరకపోతే కుళ్ళిపోతుంది. చలికాలంలో ఆవుల్ని తెగనమ్ముకోవాల్సిందే. ఆ గడ్డి, ఆ ఆవులు తనవే అయినా కుబానిచ్‌కి మాత్రం ఏ దిగులూ లేదు. టీ తాగి, రొట్టె ముక్క నోట్లో వేసుకుని, ట్రాక్టరెక్కి తాళం తిప్పాడు. అది కిమ్మనలేదు.

"బ్యాటరీ వైర్లు వదులయ్యాయి," అని తేల్చేసి బిగించాడు. ఊహూఁ! సాయానికొచ్చిన ఇద్దరు పొరుగువాళ్ళలో ఆశిర్ అనేవాడు, "గేరులో ఉందేమో చూడు బావా," అన్నాడు.

"నాకే గేరు నేర్పుతావా? నోరు మూసుకుని నెట్టు!"

ముగ్గురూ నెట్టారు. అంగుళం కదల్లేదు. "ఇంకేముంది, ఇంజను బిగుసుకుపోయింది," అని కుబానిచ్ అంతే ధీమాగా తీర్పు చెప్పాడు. ఇక చేసేదేమీ లేక, ముగ్గురూ ఇంటి ముందు, గడ్డి ఎత్తే పంగలకర్రలకు ఆనుకుని తలలు వంచుకుని వరసగా నిలబడ్డారు.

అవతల రోడ్డున గుర్రం మీద పోతున్న తొక్తొసున్‌కి అది చూడగానే గుండె జారిపోయింది. ఆ లోయలో మగవాళ్ళు కర్రలానుకుని అలా నిలబడేది ఇంట్లో ఎవరైనా పోయినప్పుడే. ఇంట్లో ఉన్న ముసలాయన ఒక్కడే, కుబానిచ్ తండ్రి ఎశిమ్. తొక్తొసున్ గుర్రాన్ని అదిలించి, చావింటి మర్యాద తప్పకుండా దూరం నుంచే ఏడుపు అందుకున్నాడు.

"అయ్యో ఎశిమ్ బాబాయ్! మమ్మల్ని వదిలి వెళ్ళిపోయావా!"

కుబానిచ్ గిరుక్కున ఇంటి వైపు తిరిగాడు. నిజమే, నాన్న ఇంకా నిద్ర లేవలేదు! తనకంటే ముందు తొక్తొసున్‌కి ఎలా తెలిసిందన్న అనుమానం రావాలి కదా, రాలేదు. "నాన్నా!" అని గొల్లుమన్నాడు. ఆ లోయ ఆచారం ప్రకారం మగవాళ్ళు బయటే ఏడవాలి. లోపలికెళ్ళి చూడాల్సిన అతని భార్య గుల్సున్ ఎక్కడో పొలంలో గడ్డి పోగులు పెడుతోంది. ఆశిర్ ఏడుస్తూనే పక్కూళ్ళకు ఫోన్లు కొట్టాడు. చూస్తుండగానే గుర్రాలు, బళ్ళు, లారీలతో వాకిలి నిండిపోయింది.

అసలే చెవిటి మనిషి కావడంతో ఇంత గోలకీ లేవని ఎశిమ్, అప్పుడు ఆవలిస్తూ గడపలోకొచ్చాడు. "ఎవరు పోయార్రా?"

అందరి ఏడుపూ ఠక్కున ఆగింది. తొక్తొసున్ కళ్ళు తుడుచుకుంటూ గట్టిగా అరిచి చెప్పాడు. "నువ్వే, బాబాయ్!"

"నాకెవరూ చెప్పలేదే! సరే, గడ్డి చేరిందా?"

"ట్రాక్టరు చచ్చింది నాన్నా!"

ముసలాయన గొణుక్కుంటూ ట్రాక్టరెక్కాడు. "బ్రేకు పట్టట్లేదని నిన్న నేనే గేరులో పెట్టాను. గేరులో ఉంటే ఇది స్టార్టవదు," అంటూ గేరు తీసి తాళం తిప్పాడు. ఇంజను గుర్రుమంది. కుబానిచ్ ఆశిర్ వైపు చూడలేదు.

ఇంతలో ఉరిమింది. ఇప్పుడిక ఒక్క ట్రాక్టరుతో అయ్యే పని కాదు. కానీ వచ్చినవాళ్ళకు బళ్ళున్నాయి, చేతులున్నాయి, ఊరికే వెనక్కి పోవడానికి మొహం చెల్లలేదు. అందరూ పొలం మీద పడ్డారు. ఆఖరి మోపు కొట్టంలోకి చేరాకే చినుకు పడింది.

ఎశిమ్ తృప్తిగా మీసం దువ్వుకున్నాడు. "ఇంతమంది సాయానికొస్తారని తెలిస్తే, పోయినేడే చచ్చేవాణ్ణి కదరా!"