పన్నెండు మూలల సమాధి

ఆ ఆదివారం పొద్దున్న డ్రాఫ్ట్స్‌మన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పాత రాజధాని శివార్లలో ఉన్న సుల్తానుల సమాధుల్లో పెద్దదాన్ని జనం పెరక్కముందే, పొద్దున్న పది లోపు కొలవాలి, సాయంత్రానికి నక్షా గీయాలి, సోమవారం ఆ సమాధుల బాగోగులు చూసే తమ ఆఫీసరు బల్లమీద పెట్టాలి. పెడితే హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ పోస్టు ఆయనది. లేకపోతే పక్క సీటువాడిది. వాడు స్కేలు పెట్టి గీసినా గీత వంకరపోతుంది.

"మా నాన్నకి ఇంట్లో ఏమీ తోచడం లేదు. టేపు కొస పట్టుకుంటారు, తీసుకెళ్లండి," అంది భార్య.

మామగారు రిటైరైన డ్రిల్లు మాష్టారు. నలుగురు ఒకచోట వంకరగా నిలబడితే ఆయన ప్రాణం ఊరుకోదు.

సమాధి చుట్టూ ఉన్న అరుగుకు పన్నెండు మూలలు. డ్రాఫ్ట్స్‌మన్ ఒక్కో మూల దగ్గర సుద్దముక్కతో నెంబరు వేసి, పక్కనే కొలత రాసుకుంటూ పోయాడు. అన్నీ అయ్యాక ఒకేసారి పుస్తకంలోకి ఎక్కించడం ఆయన పద్ధతి. ఇరవై ఏళ్లుగా అందరూ వద్దంటున్న పద్ధతి. పన్నెండోది రాసి నడుం పట్టుకుని లేచేసరికి గేటు తెరిచేశారు. చెప్పులు విప్పి చేత పట్టుకున్న ఒక పెద్దమనిషి బుద్ధిగా ఒకటో నెంబరు మీద నిలబడి ఉన్నాడు. ఆయన వెనక రెండు, మూడు, నాలుగు కూడా నిండిపోయాయి.

"బాబూ, లోపలికి ఎప్పుడు వదులుతారు?" అన్నాడు ఒకటో నెంబరు.

"ఎవరూ వదలక్కర్లేదండీ, తిన్నగా వెళ్లిపోండి! ముందు నా అంకెల మీంచి దిగండి!"

"దిగితే నా చోటు ఈవిడ కొట్టేస్తుంది."

"నాకేం ఖర్మ! మధ్యలో దూరింది ఆ నాలుగో ఆయన!" అంది రెండో నెంబరు.

గొడవ చిలికి చిలికి గాలివాన అయింది. డ్రాఫ్ట్స్‌మన్ తల పట్టుకుని, "మామయ్యగారూ, వీళ్ల సంగతి మీరే చూడండి!" అన్నాడు. అనకుండా ఉండాల్సింది.

"అటెన్షన్!"

ఆ కేకకి గుమ్మటంలో పావురాలు లేచిపోయాయి. "మాటల్లేవు! గోడ ముట్టుకోవద్దు! పిలిస్తే ఒక్కొక్కరే లోపలికి!" అంటూ మామగారు కాళ్ల కింద అరిగిన నెంబర్లను మళ్లీ లావుగా దిద్దారు. పక్కనున్న రాతలు గందరగోళంగా ఉన్నాయని జేబురుమాలుతో శుభ్రంగా తుడిచేశారు.

"అయ్యో, అవి నా కొలతలండీ!"

"అల్లుడుగారూ, లైన్లో మాట్లాడకూడదు."

డ్రాఫ్ట్స్‌మన్‌కు ఏడుపొచ్చింది. పది కొట్టింది. సరిగ్గా అప్పుడే ఆఫీసరు చుట్టాలను వెంటబెట్టుకుని వచ్చాడు. గోడలమీద పేర్లు చెక్కి, అరిచి, ఏళ్లుగా ఆయన ప్రాణం తోడేసిన జనం ఇవాళ నోరు మూసుకుని సమాధి చుట్టూ నిలబడి ఉన్నారు.

"ఇది ఎవరి పని?"

"మా అల్లుడుగారే నెంబర్లు వేశారండీ," అన్నారు మామగారు పొంగిపోతూ.

"భేష్! నక్షాలు గీయడానికి మీ పక్క సీటాయన ఉన్నాడు. ఆ హెడ్ పోస్టు ఆయనకిచ్చేస్తాను. మీరు మాత్రం ప్రతి ఆదివారం ఇక్కడికొచ్చి జనాన్ని చూసుకోవాలి," అని ఆఫీసరు వెళ్లి పదకొండో నెంబరు మీద నిలబడ్డాడు.

మామగారు అల్లుడి భుజం తట్టారు. "చూశారా, ఇవాళ నేను రాకపోతే ఏమయ్యేది!"

ఏమయ్యేదో అల్లుడికి అంగుళాలతో సహా తెలుసు.