ఆళ్లగడ్డకు కుదిరిన కోడలు

ఆ ఉదయం జయంత్ అనుకున్నది ఇంతే. నంద్యాలలో తన కాలేజీ వార్షికోత్సవానికి స్త్రీ వేషం కట్టి నృత్యం చేయాలి, నాలుగు చప్పట్లు కొట్టించుకోవాలి, వేషం తీసేసి అమృతతో కలిసి ఉగ్గాని, బజ్జీ తినాలి. అమృతది ఆళ్లగడ్డ. షాట్‌పుట్‌లో ఆమె గుండు విసిరిందంటే కాలేజీలో మగపిల్లలు కూడా గౌరవంగా పక్కకు జరిగేవారు. ఆ గుండు చూసి జయంత్ భయపడలేదు, ప్రేమించాడు.

జడ, గాజులు, వడ్డాణం పెట్టుకుని గదిలో ఒక్కడే కూర్చున్నాడో లేదో, చేతికర్రతో ఒక పెద్దాయన లోపలికి వచ్చాడు.

"పాపా, జయంత్ అనేటోడు యాడుంటాడు? నేను అమృత వాళ్ల నాయనను, మాధవయ్యను. వాడు మా పాప ఎంట తిరుగుతాండాడంట. కాళ్లిరిసి పోదామని వచ్చినా."

జయంత్ నోట్లోంచి సన్నటి ఆడగొంతు దానంతట అదే వచ్చింది.

"తెల్దు పెద్దాయనా. ఎండన పడి వచ్చినారు, మజ్జిగ తాగండి."

మజ్జిగ తాగేసరికి మాధవయ్య కరిగిపోయాడు. "ఎంత అణకువ తల్లీ నీకు! పేరేంది?"

"జయ..."

"జయమ్మా! నువ్వు మా ఇంటికి రావాల్సిన పిల్లవు."

కాదనేలోపే ఫోటో తీసి, భార్య రాజేశ్వరమ్మకు పంపి ఫోన్ చేశాడు. "ఏమ్మేయ్, మన హరీష్‌కు పిల్ల దొరికింది!"

ఆవిడ ఆగే మనిషి కాదు. ఫోటో చుట్టాలందరి ఫోన్లలోనూ పడింది. నంద్యాలలోనే పనిమీద ఉన్న అమృత అన్న హరీష్ అప్పటికప్పుడు బండెక్కాడు.

"నాకు పెండ్లొద్దు!" అన్నాడు జయంత్, చెమటకు కాటుక కారుతుంటే.

"సిగ్గుపడతాండాది" అని ఫోన్‌లో చెప్పాడు మాధవయ్య.

అంతలో అమృత వచ్చి గుమ్మంలోనే కొయ్యబారిపోయింది. "నాయనా! నువ్వేంది ఈడ?"

"రా మేయ్, మీ వదినను సూడు. మనింటికి రావాల్సిన పిల్ల."

జయంత్ ఇక తట్టుకోలేక జడతో సహా పెట్టుడు జుట్టంతా ఊడబెరికాడు. "తప్పయిపోయింది పెద్దాయనా. నేనే జయంత్‌ను. భయపడి అబద్ధమాడినా. అమృత మీది ఇష్టం మాత్రం అబద్ధం కాదు."

మాధవయ్య చేతిలోని కర్ర కింద పడింది. సరిగ్గా అప్పుడే మల్లెపూల పొట్లంతో హరీష్ లోపలికి వచ్చి, మగ క్రాపుతో వడ్డాణం పెట్టుకున్న పెళ్లికూతురిని చూశాడు.

ముందుగా తేరుకున్నది అమృతే.

"మనింటికి రావాల్సిన పిల్ల అన్నావు కదా నాయనా?"

"అన్నా."

"చుట్టాలకు చెప్పినావా?"

"చెప్పినా."

"మాట తప్పుతావా?"

ఫోన్ మోగింది. చుట్టాలు ముహూర్తం అడుగుతున్నారని రాజేశ్వరమ్మ. మాధవయ్య కూతురిని చూశాడు, కాటుక కన్నీళ్లతో నిలబడ్డ ఆ కుర్రవాణ్ణి చూశాడు.

"సంబంధం అదేనే" అన్నాడు ఫోన్‌లో నీరసంగా. "చేసుకునేది హరీష్ కాదు, అమృత."

చదువులయ్యాక పెళ్లి జరిగింది. జయంత్‌ను నోరారా "బావా" అని పిలవడానికి మాత్రం హరీష్‌కు చాలా కాలం పట్టింది.